పాత హోటల్ కింద టిఫిన్ షాపుకి పర్మిషన్: నా అనుభవం

నిన్ననే పర్మిషన్ కాగితం చేతికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

అమెరికాలోని ఒహాయోలో మేముండే ఊరి డౌన్‌టౌన్‌లో వందేళ్లు దాటిన హోటల్ ఒకటుంది. పైగదులు ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, కింద వీధివైపు వరసగా షాపులు. మూల షాపు ఇడ్లీ, దోసెల కోసం లీజుకి తీసుకున్నా. లీజు, ఫైర్, హెల్త్ ఇన్‌స్పెక్షన్ ఇబ్బంది లేకుండా అయిపోయాయి. పాత కట్టడాల మరమ్మతు ఖర్చుకిచ్చే 20 శాతం ఫెడరల్ పన్ను రాయితీ ఓనర్‌కే, మనలాంటి చిన్న లీజువాళ్లకి రాదు. ఆశపెట్టుకోకండి.

వీధిలోంచి కనబడేది ఏది మార్చినా పాత కట్టడాల రూపాన్ని కాపాడే ఊరి హిస్టారిక్ బోర్డు ఒప్పుకోవాలి. పొగగొట్టం వెనక సందులోకి పెట్టాం, దానికి పేచీ లేదు. పేచీ అంతా ముందు అద్దాల మీద. తలుపు పైన ఎవరో కొట్టిన రేకు పీకితే నాలుగంగుళాల చదరపు ప్రిజం గాజుబిళ్లలు బయటపడ్డాయి, సగం రాలిపోయి. షికాగోలో లక్స్‌ఫర్ కంపెనీ 1897 నుంచి ఇలాంటివి చేసేది. వీధి వెలుతురుని వంచి షాపు లోపలి గోడదాకా పంపుతాయి. కరెంటు దీపాలు ఖరీదైన రోజుల్లో షాపులకి ఇదే వెలుగు. రాలినవాటి చోట కొత్తవి పెట్టాలంటే అవి అక్కడ ఉండేవని రుజువు చూపాలి.

ఆర్కిటెక్ట్ ఫీజు తీసుకుని చేతులెత్తేశాడు. రుజువు నేనే వెతికి పట్టాను. అగ్నిప్రమాద బీమా కోసం గీసిన పాత శాన్‌బార్న్ మ్యాపుల్లో ఇటుక కట్టడానికి గులాబీ రంగు, షాపుకి ‘ఎస్’ అక్షరం, అంతే. పాత సిటీ డైరెక్టరీల్లో మాత్రం అడ్రసు వారీగా ఎవరి షాపో ఉంది: నాది సిగార్ల కొట్టు, పక్కది మంగలి షాపు. చివరికి పబ్లిక్ లైబ్రరీ ఫొటోల్లో మా మూల దొరికింది, గాజుబిళ్లలు వరసతో సహా. ముందు లైబ్రరీకి వెళ్లండి, ఆర్కిటెక్ట్ దగ్గరికి తర్వాత.

ఇవన్నీ పట్టుకుని హియరింగ్‌కి వెళ్తే, ఒక మెంబరు ఫొటో వైపు చూడనైనా లేదు. “మీ వంట వాసన ఈ బిల్డింగ్ చరిత్రకి నప్పుతుందా?” అన్నాడు. వెనక కుర్చీల్లో ఎవరో నవ్వారు. మా ఆవిడ తల దించుకుంది. ఛైర్మన్ నోరు మెదపలేదు, మా ఆర్కిటెక్ట్ ఫోన్ చూసుకుంటున్నాడు. ఒళ్లు మండిపోయింది. డైరెక్టరీ పేజీ తీసి బల్ల మీద పెట్టా. “ఇక్కడ సిగార్లు అమ్మారు. పైన హోటల్ నిండా మనుషులు తిన్నారు, తాగారు, పొగ పీల్చారు. ఈ గోడలకి వాసన కొత్త కాదు. మీ అధికారం వీధిలోంచి కంటికి కనబడేదాని మీద. రూల్సులో ముక్కుకి సంబంధించిన పేజీ ఎక్కడుందో చూపించండి” అన్నా. చూపించలేదు. వచ్చే నెలకి వాయిదా వేశారు.

వాయిదా రోజున అదే ఫొటో చూసి నిమిషాల్లో ఒప్పుకున్నారు. వాసన గురించి అడిగిన మెంబరు క్షమాపణ చెప్పలేదు. మొదటి హియరింగ్ మినిట్స్ (ఎవరేమన్నారో రాసిపెట్టే రికార్డు) తెప్పించుకుంటే ఆ ప్రశ్నే లేదు, నా జవాబూ లేదు. మీరు వెళ్తే ఫోన్‌లో రికార్డు పెట్టుకోవచ్చా అని ముందే అడగండి. ఆ ప్రశ్న, నా జవాబు రెండూ మినిట్స్‌లో చేర్చమని ఈ పొద్దున బోర్డుకి ఉత్తరం పెట్టా.