నార్ఫోక్ దాకా బుల్స్ వెంట

నార్త్ కరోలినాలో మేముండే మారిస్‌విల్ నుంచి వర్జీనియాలోని నార్ఫోక్‌కి కారులో మూడు గంటల పైచిలుకు. అటు బీచ్ కోసం వెళ్లేవాళ్లు బోలెడుమంది. యుద్ధనౌకలు చూడ్డానికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. బేస్‌బాల్ కోసం, అందులోనూ డర్హమ్ బుల్స్ అనే మైనర్ లీగ్ జట్టు కోసం వీకెండ్ మొత్తం పెట్టుకుని వెళ్తున్నానంటే మా ఆవిడ నవ్వేసింది. "మామయ్యని తీసుకుని మీరు వెళ్లిరండి. నేనూ అత్తయ్యా కేరీ గుడికి వెళ్తాం" అంది. పులిహోర మాత్రం కట్టి ఇచ్చింది.

నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. అనంతపురం నుంచి అమ్మతో కలిసి వేసవికి వచ్చాడు. వచ్చిన కొత్తలో డర్హమ్ స్టేడియానికి తీసుకెళ్తే ఇన్నింగ్స్‌కోసారి టైమ్ చూసుకున్నాడు. "ఏమిరా ఇది, మంచి బంతిని వదిలేసి నిలబడుకుంటాడు, ఔటై పోతాడు" అని విసుక్కున్నాడు. ఆ రోజు ఆయనకు నచ్చింది ఒక్కటే, ఎడమవైపు పొడవాటి నీలం గోడ మీద నిలబెట్టిన ఎద్దు బొమ్మ. మావాళ్లు హోమ్‌రన్ కొడితే దాని కళ్లు ఎర్రగా వెలుగుతాయి, ముక్కుల్లోంచి పొగ వస్తుంది, తోక ఆడుతుంది. 1988లో విడుదలైన ఓ సినిమా షూటింగ్ కోసం పాత గ్రౌండ్‌లో పెట్టిన ఎద్దుకి ఇది వారసుడు. బంతి ఎద్దుకు తగిలితే స్టేక్ ఇస్తారని, కింద గడ్డికి తగిలితే సలాడ్ ఇస్తారని దాని మీదే రాసి ఉంటుంది. నేను చదివి చెప్తే, "మనకు గడ్డే నయం" అన్నాడు. ఆ తర్వాత మ్యాచ్‌కి పిలవకుండానే షూ వేసుకుని తయారయ్యాడు.

ఈ జట్టు సంగతి కొంచెం చెప్పాలి. డర్హమ్ పొగాకు ఊరు. 1902లో జట్టు పెట్టినప్పుడు పేరు కూడా టొబాకనిస్ట్స్. 1913 నుంచి బుల్స్. ఆ ఎద్దు కూడా పొగాకు బ్రాండ్ మీద నుంచి వచ్చిందే. 1998 నుంచి ఇది ట్రిపుల్-ఏ జట్టు, అంటే పెద్ద లీగ్‌కి (మేజర్ లీగ్‌కి) ఒక్క మెట్టు కింద. పెద్ద లీగ్‌లో ముప్పై జట్లుంటే ఒక్కోదానికి కింద నాలుగు చొప్పున 120 జట్లున్నాయి. మా పైన ఉన్నది ఫ్లోరిడాలోని టాంపా బే రేస్. ఆటగాళ్లకూ కోచ్‌లకూ జీతాలు రేస్ ఇస్తుంది. స్టేడియం, టికెట్లు, ఎద్దు, పాప్‌కార్న్ ఇక్కడి యజమానులవి. ఎవరిని ఆడించాలి, బంతి విసిరే ఏ పిచ్చర్‌ని ఎన్ని బంతులకు ఆపెయ్యాలి అన్నది టాంపా అవసరాన్ని బట్టి ఉంటుంది. గెలవాలన్న ఆరాటం మాది, ఆటగాళ్లు వాళ్లవి. అయినా ఈ జట్టు ట్రిపుల్-ఏ జాతీయ టైటిల్ 2009లో, 2017లో, 2021లో, 2022లో కొట్టింది. ఈ మాట నేను ఆఫీసులో అవసరం ఉన్నా లేకపోయినా చెప్తుంటాను.

శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరాం. 85 హైవే మీద సౌత్ హిల్ దాకా వెళ్లి, అక్కడ 58 ఎక్కి తూర్పుకి తిరిగాం. 58 పేరుకి హైవే, ఊరొచ్చిన ప్రతిచోటా స్పీడ్ లిమిట్ పడిపోతుంది, అక్కడే పోలీసు కారు ఉంటుంది. ఎంపోరియా దాటాక చేలు మొదలయ్యాయి. పత్తి, దాని పక్కనే గుబురుగా పచ్చగా ఇంకేదో. నాన్న అద్దం దించి తల బయటపెట్టాడు.

"శనక్కాయ రా! ఇక్కడేంది శనక్కాయ?"

అవి శనక్కాయ చేలే. ఆ ప్రాంతమంతా ఇసుక నేల, వేరుశనగకి పెట్టింది పేరు. ముందుకెళ్తే సఫోక్ వస్తుంది. ప్లాంటర్స్ కంపెనీ 1913లో అక్కడికొచ్చి పెరిగి పెద్దదైంది. టోపీ, కర్ర పట్టుకున్న ఆ కంపెనీ శనక్కాయ బొమ్మ 1916లో పోటీ పెడితే ఆ ఊరి స్కూలు పిల్లాడు గీసి పంపిన దాని నుంచి వచ్చిందే. ఇవన్నీ చెప్తుంటే నాన్న వింటున్నట్టే ఉన్నాడు కానీ కళ్లు చేల మీదే ఉన్నాయి. "వానలు బాగా పడతాండాయి వీళ్లకి" అన్నాడు చివరికి. అనంతపురం మనిషికి అంతకు మించిన అసూయ ఉండదు.

హార్బర్ పార్క్ పార్కింగ్‌లో డిక్కీ తెరిచి పులిహోర తిన్నాం. బయటి తిండి లోపలికి తీసుకెళ్లే బాధ లేకుండా అక్కడే కానిచ్చాం. 1993లో కట్టిన స్టేడియం ఇది. కుడివైపు గోడ వెనక ఎలిజబెత్ నది, టగ్‌బోట్లు, అవతల షిప్‌యార్డ్ క్రేన్లు. రైలు స్టేషన్ కూడా ఆనుకునే ఉంది. మా డర్హమ్ స్టేడియం అందమైనదే కానీ నీళ్ల విషయంలో నార్ఫోక్‌ది పైచేయి. ఇది నాలాంటివాడు ఒప్పుకోవడం కష్టం, అందుకే ఒక్కసారే రాస్తున్నాను. స్టాండ్స్ నిండా నేవీ వాళ్లు. ప్రపంచంలోకెల్లా పెద్ద నౌకాదళ స్థావరం ఈ ఊళ్లోనే ఉంది మరి.

ఇక్కడి జట్టు టైడ్స్. బాల్టిమోర్ ఓరియోల్స్ కింద ఆడుతుంది. పైన రేస్‌కీ ఓరియోల్స్‌కీ ఒకే డివిజన్‌లో పోటీ. అందుకని కింద మాకూ టైడ్స్‌కీ మధ్య కొంచెం ఉప్పూకారం ఎక్కువే.

డర్హమ్‌లో మా పక్క సీటు పెద్దాయన అప్పటికే మా డగౌట్ వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో స్కోర్‌బుక్, చెవి మీద పెన్సిల్. 1980లో డర్హమ్‌లో బుల్స్ మళ్లీ మొదలైనప్పటి నుంచీ చూస్తున్నాడాయన. అప్పట్లో పైన ఉన్నది అట్లాంటా బ్రేవ్స్. 1992లో చిప్పర్ జోన్స్ పాత గ్రౌండ్‌లో ఆడటం చూశానని చెప్తాడు. వింటున్నది కొత్తవాళ్లయితే ఇంకోసారి చెప్తాడు. పొగాకు ఫ్యాక్టరీలు మూతపడ్డాక డర్హమ్ నడిబొడ్డు సాయంత్రమైతే ఖాళీ అయిపోయేదట, లైట్లు కనపడేది బేస్‌బాల్ గ్రౌండ్‌లోనేనట.

ఆయన స్కోర్‌బుక్ నాన్న చేతికి చిక్కింది. ముప్పై ఏళ్లు బస్సులో నిలబడి టికెట్ల లెక్కల ఎస్‌ఆర్ షీట్ నింపిన మనిషికి ఆ గళ్లు చూస్తే ప్రాణం లేచొచ్చింది. ఒక్కో బ్యాటర్‌కి ఇన్నింగ్స్‌కో గడి. గడిలో చిన్న డైమండ్. ఫీల్డర్లకు పేర్లు రాయరు, నంబర్లే. పిచ్చర్ ఒకటి, క్యాచర్ రెండు, ఫస్ట్ బేస్ మూడు, సెకండ్ బేస్ నాలుగు, థర్డ్ బేస్ ఐదు, సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ ఆరు. బంతి షార్ట్‌స్టాప్ దగ్గరికి దొర్లి, అతను ఫస్ట్ బేస్‌కి విసిరి ఔట్ చేస్తే 6-3. మూడు స్ట్రైకులతో ఔటైతే, అంటే స్ట్రైకౌట్‌కి, ‘కె’. బ్యాట్ కదపకుండా చూస్తూ నిలబడి ఔటైతే అదే ‘కె’ని తిరగేసి రాస్తారు. నాన్నకు అది తెగ నచ్చింది. "తప్పు చేసినోడి పేరు తలకిందులు రాసినట్టుంది" అని నవ్వాడు. నాన్నకొచ్చిన ఇంగ్లీషూ, పెద్దాయన వర్జీనియా సరిహద్దు యాసా ఎక్కడా కలవవు. వేళ్లతో నంబర్లు చూపించుకుంటూ మూడో ఇన్నింగ్స్‌కల్లా ఇద్దరూ పెన్సిల్ చేతులు మార్చుకుంటున్నారు. నేను చెప్పబోతే, "నువ్వుండప్పా" అన్నాడు నాన్న.

నాలుగో ఇన్నింగ్స్‌లో మా బ్యాటర్ హెల్మెట్ మీద రెండుసార్లు తట్టాడు. అంపైర్ స్ట్రైక్ అన్నాడు, ఇతను కాదంటున్నాడు. ఛాలెంజ్ అన్నమాట. బ్యాటర్, పిచ్చర్, క్యాచర్ ముగ్గురిలో ఒకరే, అదీ వెంటనే తల తట్టి అడగాలి. డగౌట్ నుంచి సలహా పనికిరాదు. పెద్ద స్క్రీన్ మీద బంతి గాల్లో వచ్చి, స్ట్రైక్ జోన్ గీతకి వెంట్రుకవాసి బయట ఆగింది. బాల్, అంటే స్ట్రైక్ కాదు. టైడ్స్ జనం మూలిగారు. నాన్న దర్జాగా వెనక్కి వాలి, "డీఆర్‌ఎస్" అన్నాడు. ఈ పద్ధతిని ట్రిపుల్-ఏలో ఏళ్లపాటు ఆడించి చూశాకే 2026 నుంచి పెద్ద లీగ్‌లో పెట్టడానికి ఒప్పుకున్నారు. కొత్తది ఏది వచ్చినా ముందు మా మీదే ప్రయోగిస్తారు.

ఆరో ఇన్నింగ్స్ దాకా ఒక పరుగు ముందున్నాం. ఆ పరుగు మా సెకండ్ బేస్‌మన్ కొట్టిన డబుల్ (ఒకే దెబ్బకి సెకండ్ బేస్ చేరడం) వల్ల వచ్చింది. సీజనంతా మాకు ఆధారం ఆ కుర్రాడే. ఆ ఇన్నింగ్స్ రెండో సగానికి మావాళ్లు ఫీల్డింగ్‌కి దిగితే నాలుగో నంబర్ చోట వేరే మనిషి వచ్చి నిలబడ్డాడు. దెబ్బేమైనా తగిలిందా అని నేను కంగారుపడుతుంటే పెద్దాయన పెన్సిల్ పక్కన పెట్టి డగౌట్ వైపు చూడమన్నాడు. ఆ కుర్రాడు టోపీ తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఒక్కొక్కడూ వచ్చి వాటేసుకుంటున్నారు. ముందు క్యాచర్, తర్వాత పిచ్చింగ్ కోచ్, ఆ తర్వాత మొన్నే కింది లీగ్ నుంచి వచ్చిన పిల్లాడు. మేనేజర్ మెడ చుట్టూ చెయ్యి వేసి చెవిలో ఏదో చెప్పాడు. కుర్రాడు తలూపుతూనే ఉన్నాడు, మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు.

టాంపా నుంచి పిలుపొచ్చిందన్నమాట.

పెద్దాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. నేనూ లేచాను. ఆ వరసలో బుల్స్ టోపీలు పెట్టుకున్న కొద్దిమందీ లేచారు. చుట్టూ ఉన్న టైడ్స్ వాళ్లకి మేమెందుకు లేచామో అర్థం కాలేదు, తర్వాత ఎవరో చెప్పాక వాళ్లలోనూ కొందరు చప్పట్లు కొట్టారు. వాళ్లకూ ఇది అలవాటే.

"ఎందుకురా? బాగా ఆడేవాణ్ణి తీసేస్తే చప్పట్లేంది?" అన్నాడు నాన్న.

చెప్పాను. ట్రిపుల్-ఏ ఆటగాడి కనీస జీతం 2023 ఒప్పందానికి ముందు ఏడాదికి 17,500 డాలర్లు. ఆ ఒప్పందంతో 35,800 అయింది. పైన, 2025 లెక్కన, కనీసం 7,60,000. అది సీజన్ రోజుల మీద పంచి ఇస్తారు. నాన్న వేళ్లు మడిచి లెక్కేసి, "రోజుకి నాలుగు వేల డాలర్లా!" అన్నాడు. కాసేపాగి, "మా డిపోలో ఇంతే. ఘాట్ రోడ్డు మీద బాగా తోలే డ్రైవర్‌ని తయారు చేస్తే ఎక్స్‌ప్రెస్‌లకి లాక్కుపోతారు, మాకు మళ్లా కొత్తోడు" అన్నాడు. ఈ మైనర్ లీగ్ సంగతి నేను ఆఫీసులో ఎంతమందికి వివరించి ఉంటానో, ఇంత పొట్టిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

అతను అక్కడే ఉండిపోవాలని కోరుకోవాలి. అతను ఉండిపోతే మా సెకండ్ బేస్‌కి గతి లేదు. రెండూ నిజమే. అక్కడ సరిగ్గా ఆడకపోతే మళ్లీ డర్హమ్‌కే పంపుతారు. ఒక సీజన్‌లో ఒక ఆటగాణ్ణి ఐదుసార్ల దాకా కిందికి పంపొచ్చని 2022లో రూల్ పెట్టారు, అంతకుముందైతే లెక్కే లేదు. అలా తిరిగొచ్చినవాళ్లని డర్హమ్‌లో చూశాను. మొదటి ఆటలో జనం మామూలు కంటే గట్టిగా చప్పట్లు కొడతారు, వాళ్లు మాత్రం స్టాండ్స్ వైపు చూడరు.

ఆ రాత్రి ఓడిపోయాం. ఏడులో టైడ్స్ వరసగా కొట్టారు, కొత్తగా వచ్చిన నాలుగో నంబర్ చేతికొచ్చిన బంతి జార్చాడు. అతని గడిలో నాన్న తప్పుని శ్రద్ధగా రాశాడు. ఆట అయ్యాక నది మీద బాణసంచా కాల్చారు. ఓడిన జట్టు అభిమానికి బాణసంచా ఎంత ఇబ్బందో చెప్పనక్కర్లేదు.

శనివారం పగలు విస్కాన్సిన్ యుద్ధనౌక ఎక్కాం. 887 అడుగుల పొడవు, నిచ్చెన మెట్లకి నాన్న మోకాళ్లు పట్టేశాయి, అక్కడితో సరి. సాయంత్రం ఆట మావాళ్లు గెలిచారు కానీ చెప్పుకోవడానికేమీ లేదు, అవతలి పిచ్చర్లు నాలుగేసి బాల్స్ వేసి ఊరికే ఫస్ట్ బేస్ ఇచ్చే వాక్‌ల మీద వాక్‌లు ఇచ్చారు. ఆదివారం మధ్యాహ్నం ఎండలో స్టాండ్స్ సగం ఖాళీ. పిల్లలు రైలింగ్ దగ్గర బంతులు పట్టుకుని సంతకాల కోసం వేలాడుతున్నారు. మా పిచ్చర్ ఒకడు వంగి, అవతలి జట్టు చొక్కా వేసుకున్న పాపకి కూడా సంతకం పెట్టి ఇచ్చాడు. పైన పెద్ద లీగ్‌లో ఇంత దగ్గర్నుంచి మనిషిని చూడాలంటే టికెట్‌కే ప్రాణం పోతుంది. ఆ ఆట మళ్లీ ఓడాం.

వెళ్లేముందు పెద్దాయన బ్యాగులోంచి కొత్త స్కోర్‌బుక్ ఒకటి తీసి నాన్నకిచ్చాడు. డబ్బులివ్వబోతే నా చెయ్యి తోసేశాడు.

సఫోక్ దాటాక రోడ్డు పక్కన ట్రక్కు పెట్టి ఉడకబెట్టిన శనక్కాయలు అమ్ముతున్నారు. అమెరికా దక్షిణాదిలో ఇది అందరూ తినే చిరుతిండే. కాగితం సంచీ అడుగంతా తడిసిపోయి, వేడివేడిగా ఉంది. నాన్న ఒకటి ఒలిచి నోట్లో వేసుకుని, "ఉప్పు ఎక్కువేసినారు, కాయ పచ్చిదే పీకినారు, మంచి పని చేసినారు" అని మొత్తం సంచీ తన ఒళ్లోకి లాక్కున్నాడు.

ఆ రోజు రేస్ వెస్ట్ కోస్ట్‌లో ఆడుతున్నారు. ఫోన్లో రేడియో పెట్టాను. మా కుర్రాడి పేరు ఎనిమిదో చోట ఉంది. సౌత్ హిల్ దగ్గర 85 ఎక్కుతుండగా అతని వంతు వచ్చింది. రెండు బంతులు వదిలాడు, ఒకటి ఫౌల్. నాన్న శనక్కాయలు పక్కన పెట్టాడు. తర్వాతి బంతి షార్ట్‌స్టాప్ దగ్గరికి దొర్లింది, ఫస్ట్ బేస్‌కి విసిరాడు, అయిపోయింది.

"ఆరు, మూడు" అన్నాడు నాన్న, తడి చెయ్యి పంచెకి తుడుచుకుని పెన్సిల్ కోసం డాష్‌బోర్డులో వెతుకుతూ. "మళ్లా ఎప్పుడొస్తుంది వాని బ్యాటింగ్?"

తొమ్మిది మంది తిరిగొచ్చాక అన్నాను. ఆ లెక్కన మనం ఇల్లు చేరేలోపే అని లెక్క తేల్చి, కొత్త పుస్తకంలో మొదటి గడి నింపడం మొదలుపెట్టాడు.