చెడిపోతున్న డిస్కు నుంచి కొత్త ఎస్‌ఎస్‌డీకి: నాలుగు రోజుల లెక్క

శుక్రవారం

కడపలో మా ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్ పది రోజులుగా ఆన్ కావడానికి ఆరేడు నిమిషాలు తీసుకుంటోంది. ఫొటోల ఫోల్డరు తెరిచినప్పుడల్లా లోపలి నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చి మౌసు సైతం కదలడం మానేస్తోంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ నివేదిక తీసి చూడగా రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోగా వేరే చోటుకు మార్చిన చిన్న ముక్కలు) 136, పెండింగ్ సెక్టార్లు (చదవలేక అనుమానంలో పెట్టినవి) 88 అని ఉంది. 199వ వరుసలోని సీఆర్‌సీ తప్పులు (కేబులు దారిలో డేటా చెడిన సార్లు) సున్నా కావడంతో కేబులు మీద అనుమానం తీరింది. ఇంత జరిగినా నివేదిక మొదట్లో 'పాస్డ్' అనే ఉంది; నెల కిందట ఆ ఒక్క మాట చూసే నేను ఊరుకున్నాను.

ఫైల్ సిస్టమ్ తప్పులను సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే ప్రోగ్రామును నడిపి చూడమని ఒక మిత్రుడు చెప్పాడు కానీ, నేను ఒప్పుకోలేదు. అది డిస్కు మీద రాస్తుంది, డిస్కును చదివే హెడ్డును అటూ ఇటూ పరుగెత్తిస్తుంది. ఊపిరి తీయలేకున్న డిస్కును ముందు కాపీ చేసుకోవాలి, మరమ్మతులన్నీ ఆ కాపీ మీదనే చేయాలి.

శనివారం

ఏడురోడ్ల దగ్గర ఒక దుకాణంలో 480 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో దాచుకునే డిస్కు) చేతిలో పెట్టి "రెండూ ఒకటేలేనా" అన్నారు. ఒకటి కాదు. నా పాత 500 జీబీ డిస్కులో 97,67,73,168 సెక్టార్లు ఉండగా 480 జీబీ దాంట్లో 93,77,03,088 మాత్రమే ఉంటాయి. ఆ ఇరవై జీబీ తేడా కోసం చెడిన డిస్కు మీద పార్టిషన్ (డిస్కులో విడదీసిన భాగం) కుదించే సాహసం చేయలేక 500 జీబీదే తీసుకున్నాను.

ఆదివారం

పెన్‌డ్రైవ్ నుంచే నడిచే డెబియన్ లైవ్ (ఒక లినక్స్)తో బూట్ చేసి, చెడిన డిస్కును కాపీ చేసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము మొదలుపెట్టాను. రెండు డిస్కులూ ఒకే పరిమాణంలో ఉన్నందువల్ల ఏది పాతదో ఏది కొత్తదో పరిమాణం చూసి పోల్చలేం. సీరియల్ నంబరును డిస్కు మీది కాగితంతో రెండుసార్లు సరిచూసుకున్నాకే ఎంటర్ నొక్కాను. కమాండులో పాత, కొత్త డిస్కుల వరుస తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి పాతదాని మీద పడుతుంది. మొదటి విడతలో 'ఎన్' ఆప్షన్ ఇచ్చాను. దానివల్ల మొండికేసిన చోట్లను గీకుతూ కూర్చోకుండా, తేలిగ్గా చదవగలిగినదంతా ముందు తీసుకుంటుంది. ఎక్కడి వరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలును వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టాను, ఎందుకంటే లైవ్ సిస్టమ్‌లో పెడితే అది ర్యామ్‌లోనే ఉండి కరెంటుతో పాటే పోతుంది.

మధ్యాహ్నం ఒకటిన్నరకు నిజంగానే కరెంటు పోయింది. యూపీఎస్ పది నిమిషాలు కూసి ఆగిపోయింది. గంట తర్వాత అదే కమాండును, అదే మ్యాప్ ఫైలుతో మళ్లీ ఇచ్చాను. ఆగిన చోటి నుంచే అందుకుంది. ఎండకు డిస్కు 54 డిగ్రీలకు చేరడంతో కేబినెట్ పక్కపలక తీసి టేబుల్ ఫ్యాను తిప్పి పెట్టాను, 46కు దిగింది. రాత్రికి 312 కేబీ మినహా అంతా వచ్చింది.

సోమవారం

మిగిలిన చోట్లను మూడుసార్లు చొప్పున, ఒకసారి వెనుక నుంచి ముందుకు చదివించాను. చివరకు 48 కేబీ, అంటే 4,096 బైట్ల బ్లాకులు పన్నెండు రాలేదు. పాత డిస్కు కేబులు తీసేసి కాపీ మీద ఎఫ్‌ఎస్‌సీకే నడిపాను. పాతదాన్ని తగిలించే ఉంచితే రెండింటికీ ఒకే యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) ఉంటుంది కనుక సిస్టమ్ దేన్ని మౌంట్ చేస్తుందో చెప్పలేం.

పోయినవి ఏ ఫైళ్లో తెలుసుకోవడానికి ఒక లెక్క ఉంది. ఉదాహరణకు చెడిన సెక్టారు 41,23,16,680. పార్టిషన్ మొదలయ్యే 2,048ని తీసేసి ఎనిమిదితో (ఒక్కో బ్లాకులో ఎనిమిది సెక్టార్లు) భాగిస్తే 5,15,39,329వ బ్లాకు వస్తుంది. దాన్ని డీబగ్‌ఎఫ్‌ఎస్ అనే ప్రోగ్రాములోని ఐచెక్‌కు ఇస్తే ఐనోడ్ నంబరు (ఫైలుకు సిస్టమ్ ఇచ్చే సంఖ్య), ఆ నంబరును ఎన్‌చెక్‌కు ఇస్తే ఫైలు పేరు తెలుస్తాయి. పన్నెండింటిలో ఏడు ఖాళీ జాగాలోనివి, ఒకటి ఒక ప్రోగ్రాముది. ఆ ప్యాకేజీని తిరిగి ఇన్‌స్టాల్ చేశాను. మిగతా నాలుగూ మా పిన్ని కూతురి పెళ్లి వీడియోలోవి.

కాపీలో ఖాళీ బ్లాకులు కూడా రాయబడ్డాయి కాబట్టి ఎస్‌ఎస్‌డీ తాను పూర్తిగా నిండిపోయాననుకుంటుంది. ఖాళీ జాగా ఏదో దానికి చెప్పే ఎఫ్‌ఎస్‌ట్రిమ్‌ను చివరగా నడిపాను. ఇప్పుడు పంతొమ్మిది సెకన్లలో తెర వస్తోంది. పెళ్లి వీడియోలో తలంబ్రాల దగ్గర ఒక్క క్షణం ఆకుపచ్చ గళ్లు పడి, మళ్లీ బియ్యం గింజలు కనిపిస్తున్నాయి.