బొటనవేలి పరీక్ష

మన బడి జ్ఞాపకాలు రాయమన్నారు కదా, మాస్టార్ల గురించి, పరీక్షల గురించి మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు కాబట్టి నేను మన సైకిల్ స్టాండ్ గురించి రాస్తాను. బడి వెనక గోడకి ఆనించి వేసిన రేకుల షెడ్డు, దాని కింద ఇంటర్వెల్లో పోగయ్యే మన 1996 పదో తరగతి బ్యాచ్. ఇప్పటికీ ఎవరైనా ఫోన్ చేసి పేరు చెబితే ఒక్క క్షణం ఆలోచిస్తాను, "రేంజర్ వాడిని" అంటే మాత్రం మొహం వెంటనే గుర్తొచ్చేస్తుంది.

ఆ రేంజర్ సైకిల్ వచ్చిన రోజు గుర్తుందా? లావు టైర్లు, నిటారు హ్యాండిల్, వాడు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అమ్మాయిల్లో ఇద్దరికి బుట్ట ఉన్న లేడీబర్డ్‌లు, ఇంకొకడికి బీఎస్‌ఏ ఎస్‌ఎల్‌ఆర్. నాది నాన్న అట్లాస్. 22 అంగుళాల ఫ్రేము, మధ్యలో కడ్డీ, రాడ్డు బ్రేకులు, ఆరు వోల్టుల డైనమో. నాన్నది పోర్టులో షిఫ్ట్ డ్యూటీ, నైట్ షిఫ్ట్ నుంచి ఆయన పొద్దున్నే ఇంటికొచ్చి పడుకున్నాకే ఆ సైకిల్ నా చేతికి వచ్చేది, అంటే మూడు వారాలకి ఒక వారం. ఆ వారం నేను బడికి అరగంట ముందే వచ్చేదాన్ని, అందరికీ కనిపించేలా మొదటి వరసలో పెట్టాలని.

కానీ మన స్టాండ్‌లో కొత్త సైకిల్‌కి గౌరవం నెల రోజులే. ఎందుకంటే విశాఖలో సైకిల్‌కి అసలు శత్రువు ఉప్పుగాలి. ఉప్పు, గాలిలోని తేమని లాగి ఇనుము మీద నిలబెడుతుంది. క్రోమ్ పూత మెరుస్తూనే ఉంటుంది, ఊచ రిమ్ములోకి దిగేచోట మాత్రం, ఊచని బిగించే చిన్న మర, నిపిల్, దాని చుట్టూ ఎర్ర చుక్క మొదలైపోతుంది. పెదజాలరిపేట నుంచి వచ్చే మన మిత్రుడే ఆ పరీక్ష కనిపెట్టాడు: బొటనవేలితో నిపిల్ దగ్గర గట్టిగా రుద్ది చూపించడం. వేలు ఎర్రబడితే ఓడినట్టు. రేంజర్ రెండో నెలలోనే ఓడిపోయింది. పరీక్ష కనిపెట్టినవాడిది మాత్రం సెకండ్‌హ్యాండ్ హెర్క్యులెస్, రంగు వెలిసిపోయింది, సముద్రానికి అందరికంటే దగ్గరున్న ఇల్లు, అయినా వేలికి ఏమీ అంటేది కాదు!

నేను అడిగితే దాచుకోకుండా చెప్పాడు. "ముందు మంచినీళ్లతో తుడు, బాగా ఆరనీ, అప్పుడు నూనె రాయి. తడి మీద రాస్తే ఉప్పుని లోపలెట్టి మూతేసినట్టే." పడవ ఇంజన్లు చూసి నేర్చుకున్నాడట. ఆ వారమే ఊచలు తుడుస్తూ లెక్కపెట్టాను, ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40. బరువంతా వెనకే పడుతుంది కదా, అందుకని. మర్నాడు స్టాండ్‌లో ఈ మాట చెబితే ఒక్కరూ నమ్మలేదు, అందరూ వంగి లెక్కపెట్టుకున్నారు, బెల్లు కొట్టినా కదల్లేదు.

భీమిలి ట్రిప్ గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. ఇప్పుడు మ్యూజియంగా ఉన్న కురుసుర సబ్‌మెరైన్ అప్పటికి ఇంకా బీచ్ ఒడ్డుకి రాలేదు, రుషికొండ దాటాక రోడ్డు మీద మనమే. వెళ్లేటప్పుడు నైరుతి గాలి వీపుని తోస్తుంటే, గోస్తనీ సముద్రంలో కలిసే చోటుదాకా పాటలు పాడుకుంటూ వెళ్లిపోయాం. తిరుగుదారిలో అదే గాలి మొహాన కొట్టింది. నా అట్లాస్‌కి చైను తిరిగే ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనకదానికి 18, పెడల్ ఒక చుట్టు తిరిగితే అయిదు మీటర్ల పైన పోవాలి, గేర్లు లేవు, తగ్గించుకునే దారి లేదు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. అప్పుడు ఎస్‌ఎల్‌ఆర్ వాడు, హెర్క్యులెస్ వాడు మాట్లాడకుండా ముందుకొచ్చి నాకు గాలి అడ్డం కాశారు. సాగర్‌నగర్ దాకా అలాగే.

మొన్న డిసెంబర్లో కలిసినప్పుడు ఆర్కే బీచ్‌కి తొమ్మిది మంది సైకిళ్ల మీద వచ్చాం. రేంజర్ వాడిది ఇప్పుడు కార్బన్ ఫ్రేము, ఒక చేత్తో ఎత్తి చూపించాడు. కార్బన్‌కి తుప్పు పట్టదు, నిజమే, కానీ దాన్ని ఆనుకున్న అల్యూమినియం భాగాలు ఉప్పుతేమకి తెల్లగా పొంగుతాయి, సీటు రాడ్డు ఫ్రేములో బిగుసుకుపోయి ఎంత లాగినా రాదు. ఏడాదికి రెండుసార్లైనా బయటికి తీసి గ్రీజు పెట్టాలని ఎస్‌ఎల్‌ఆర్ వాడు, దానికి వేరే పేస్టు ఉంటుందని ఇంకొకడు... టిఫిన్ చల్లారిపోయింది.

నేను అట్లాస్‌నే తీసుకెళ్లాను. సాహిబాబాద్‌లో ఆ కంపెనీ చివరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజున ఆగిపోయిందని చదివినప్పుడు నాన్న దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, లేచి వెళ్లి చక్రాలకి గాలి కొట్టారు.

హెర్క్యులెస్ వాడు ఆ సైకిల్ చూడగానే మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముందు చక్రం మొత్తం రుద్దాడు, వేలు శుభ్రంగానే ఉంది. వెనక చక్రానికి, డైనమో వైపు, రెండు చోట్ల ఎర్రగా అంటింది. "ఇక్కడ చెయ్యి పట్టట్లేదు నీకు, పాత టూత్ బ్రష్ వాడు" అన్నాడు.

వచ్చే డిసెంబర్లో సైకిల్ మీద వచ్చేవాళ్లు ఒక పాత టూత్ బ్రష్, పొడి గుడ్డ తెచ్చుకోండి. నూనె నేను తెస్తాను.