రికవరీయే మొరాయిస్తే: విండోస్ మరమ్మతు ఏర్పాటును తిరిగి నిలబెట్టడం

విండోస్ కంప్యూటర్ మొండికేసిన రోజున మనకు చివరి ఆధారం దానిలోనే దాగి ఉండే రికవరీ ఏర్పాటు. సెట్టింగ్స్‌లో ‘రీసెట్ దిస్ పీసీ’ నొక్కినప్పుడు పని మొదలుపెట్టేదీ, వరుసగా బూట్ (విండోస్ మొదలవడం) విఫలమైనప్పుడు నీలి తెరతో తనంతట తానే ముందుకు వచ్చేదీ, స్టార్టప్ రిపేర్, సిస్టమ్ రిస్టోర్, కమాండ్ ప్రాంప్ట్ వంటి సాధనాలను అందించేదీ అదే. అలాంటిది, ‘కుడ్ నాట్ ఫైండ్ ద రికవరీ ఎన్విరాన్‌మెంట్’ అని ఒక్క మాట చూపించి ఆగిపోతే ఎవరికైనా కంగారు కలుగుతుంది. ఆ కంగారులో ఎక్కడెక్కడివో కమాండ్లు వరుసగా టైపు చేస్తూ పోవడం వల్లనే బాగుపడవలసిన యంత్రాలు మరింత పాడవడం నేను చూశాను. ఈ లోపానికి కారణాలు ఎన్నో లేవు. ఉన్న కొద్దిపాటి కారణాల్లో మన కంప్యూటర్‌కు వర్తించేది ఏదో ముందు తేల్చుకుని, ఆ తరువాతనే చేయి పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

ముందుగా ఇది ఎలా పనిచేస్తుందో తెలియాలి. రికవరీ అంటే మన విండోస్‌లో ఒక మెనూ కాదు, విడిగా బూట్ కాగల మరొక చిన్న విండోస్. అది ‘విన్‌ఆర్‌ఈ డాట్ విమ్’ అనే ఒకే ఒక ఇమేజ్ ఫైలులో ఇమిడి ఉంటుంది. సాధారణంగా ఆ ఫైలు డ్రైవ్ అక్షరం లేని, మనకు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కనబడని రికవరీ పార్టిషన్‌లో, అంటే డిస్కులో దానికోసం విడగొట్టిన భాగంలో ఉంటుంది. అవసరమైనప్పుడు అది మెమరీలోకి ఎక్కి, అక్కడి నుంచి నడుస్తుంది. ఆ ఫైలు ఎక్కడ ఉందో తెలిపే చిరునామా రెండు చోట్ల నమోదై ఉంటుంది: ఒకటి బూట్ సమాచారపు పట్టిక, రెండవది సీ డ్రైవ్‌లోని విండోస్, సిస్టమ్32, రికవరీ అనే ఫోల్డర్ల వరుసలో ఉండే ‘రీఏజెంట్ డాట్ ఎక్స్‌ఎంఎల్’ ఫైలు. కనుక ఫైలు లేకపోవచ్చు, ఫైలు ఉన్నా దానికి చోటు చాలకపోవచ్చు, రెండూ ఉండి చిరునామా తప్పు కావచ్చు. ఇవి కాక మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన అప్‌డేట్‌లోనే దోషం ఉండటం నాలుగవది.

వీటిలో ఏది మనదో చెప్పేది రీఏజెంట్‌సీ (reagentc) అనే కమాండ్. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి, ఆ కమాండ్ పక్కన ఒక ఖాళీ వదిలి ‘/ఇన్ఫో’ అని ఇంగ్లీషులో టైపు చేస్తే కొన్ని వరుసలు కనిపిస్తాయి. మొదటి వరుసలో రికవరీ స్థితి ‘ఎనేబుల్డ్’ అనో ‘డిసేబుల్డ్’ అనో ఉంటుంది. రెండవ వరుసలో హార్డ్‌డిస్క్ సంఖ్య, పార్టిషన్ సంఖ్యతో సహా ఫైలు ఉన్న చోటు ఉంటుంది. ఆ తరువాత బూట్ పట్టికలోని గుర్తింపు సంఖ్య ఉంటుంది. స్థితి డిసేబుల్డ్‌గా ఉండి, చోటు ఖాళీగా ఉండి, గుర్తింపు సంఖ్య అంతా సున్నాలే అయితే రికవరీ పూర్తిగా తెగిపోయినట్టు. ఈ కమాండ్ దేనినీ మార్చదు, చూపిస్తుందంతే. అందువల్ల దీనితో మొదలుపెట్టడంలో ఏ ప్రమాదమూ లేదు.

కొన్నిసార్లు ‘/ఇన్ఫో’ స్థానంలో ‘/ఎనేబుల్’ అని టైపు చేసిన వెంటనే సమస్య తీరిపోతుంది. ఎవరో ఎప్పుడో డిసేబుల్ చేసి మరిచిపోయిన యంత్రాల్లో అంతకు మించి చేయవలసింది ఉండదు, ఎందుకంటే డిసేబుల్ చేసినప్పుడు విండోస్ ఆ ఇమేజ్ ఫైలును సిస్టమ్32లోని రికవరీ ఫోల్డర్‌కు తెచ్చి భద్రంగా ఉంచుతుంది.

తెనాలిలో ఉపాధ్యాయురాలిగా పనిచేసే మా పిన్ని ల్యాప్‌టాప్ విషయంలో అది సరిపోలేదు. నెమ్మదించిన పాత హార్డ్‌డిస్క్ స్థానంలో ఒక దుకాణంలో ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్కు వేయించారు. పాత డిస్కులోని విండోస్‌ను ఉన్నదున్నట్టుగా క్లోన్ చేసి ఇచ్చారు. కాలేజీలో చేరబోతున్న మా చెల్లెలికి దానిని శుభ్రంగా రీసెట్ చేసి ఇద్దామనుకునే సరికి ఆ సందేశం వచ్చింది. “కొత్త డిస్కు వేయించాక అంతా బాగానే ఉంది నాన్నా, ఇదొక్కటే రావడం లేదు” అని పిన్ని ఫోన్ చేసింది. ఆ మాటలోనే సగం కారణం దొరికింది. చాలా చోట్ల క్లోన్ చేసేటప్పుడు బూట్‌కు కావలసిన చిన్న పార్టిషన్‌నూ సీ డ్రైవ్‌నూ మాత్రమే తీసుకుని, చివరన ఉన్న రికవరీ పార్టిషన్‌ను వదిలేస్తారు. విండోస్ మామూలుగానే నడుస్తుంది కనుక ఆ లోటు చాలాకాలం బయటపడదు. “పాత డిస్కు ఇంట్లోనే ఉందా పిన్నీ?” అని అడిగితే, “బీరువాలో దాచాను” అంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు కూర్చుని చూశాను.

రీఏజెంట్‌సీ చూపించిన స్థితి డిసేబుల్డ్. ఎనేబుల్ చేయబోతే ఇమేజ్ దొరకలేదన్న జవాబు వచ్చింది. రికవరీ ఫోల్డర్‌లో దాగిన ఫైళ్లను కూడా చూపించమని అడిగినా ఇమేజ్ ఫైలు లేదు, పాత డిస్కు చిరునామాను మోస్తున్న రీఏజెంట్ డాట్ ఎక్స్‌ఎంఎల్ మాత్రమే ఉంది. అంటే ఫైలూ లేదు, పార్టిషనూ లేదు, చిరునామా కూడా లేని ఇంటిది. ఈ పరిస్థితిలో మూడింటినీ ఒక క్రమంలో సరిచేయాలి, క్రమం తప్పితే ఎనేబుల్ మళ్లీ విఫలమవుతుంది.

పిల్లల మార్కుల పట్టికలూ ఫొటోలూ అన్నీ ముందుగా బయటి డ్రైవ్‌కు కాపీ చేశాను. పార్టిషన్లను ముట్టుకునే ముందు ఇది చేయకపోవడం ఏ సందర్భంలోనూ సమర్థనీయం కాదు. తరువాత పాత డిస్కును యూఎస్‌బీ కేస్‌లో పెట్టి తగిలించి, డిస్క్‌పార్ట్ అనే సాధనంతో దాని రికవరీ పార్టిషన్‌కు తాత్కాలికంగా ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చాను. అక్కడి విన్‌ఆర్‌ఈ డాట్ విమ్ ఫైలును సీ డ్రైవ్‌లోని రికవరీ ఫోల్డర్‌కు కాపీ చేశాను. ఆ ఫైలుకు హిడెన్, సిస్టమ్ అనే రెండు లక్షణాలూ ఉంటాయి కనుక మామూలు కాపీ దానిని చూడదు, దాగిన ఫైళ్లను కూడా తీసుకొమ్మని ఎక్స్‌కాపీకి ప్రత్యేకంగా చెప్పాలి. పాత డిస్కు లేనివారు మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి అదే విండోస్ వెర్షన్ ఐఎస్‌ఓను (ఇన్‌స్టలేషన్‌కు కావలసినవన్నీ ఉండే ఒకే ఫైలు) దించుకుని, దాని సోర్సెస్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాల్ ఇమేజ్‌ను సెవెన్‌జిప్ అనే సాధనంతో తెరిస్తే, లోపల ఇదే ఫోల్డర్ల వరుసలో ఆ ఫైలు దొరుకుతుంది. వెర్షన్ సరిపోవడం ముఖ్యం. విండోస్ 10 ఫైలును విండోస్ 11లో పెట్టకూడదు.

తరువాత పార్టిషన్. ప్రత్యేక పార్టిషన్ లేకపోతే విండోస్ ఆ ఇమేజ్‌ను సీ డ్రైవ్‌లోనే ఒక రికవరీ ఫోల్డర్‌లో పెట్టి ఎనేబుల్ చేయగలదు, చాలామంది అక్కడితో ఆపేస్తారు. నాకు అది సరైనదనిపించదు. సీ డ్రైవ్ పాడైతే దానిని బాగు చేయవలసిన సాధనం కూడా దానితోనే పోతుంది. పైగా బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ (కీ లేనివారు చదవలేని విధంగా డేటాను దాచే విండోస్ ఏర్పాటు) ఉన్న డ్రైవ్‌పై రికవరీని ఎనేబుల్ చేయడానికి విండోస్ ఒప్పుకోదు. అందుకే సీ డ్రైవ్ చివర నుంచి 1024 ఎంబీ కుదించి, ఆ ఖాళీలో కొత్త పార్టిషన్ తయారు చేసి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేశాను. జీపీటీ (పార్టిషన్లను నమోదు చేసే కొత్త పద్ధతి) డిస్కుల్లో రికవరీ పార్టిషన్‌కు ‘డీఈ94బీబీఏ4’తో మొదలయ్యే ఒక ప్రత్యేక రకపు సంఖ్య ఉంటుంది. ఎంబీఆర్ అనే పాత పద్ధతి డిస్కుల్లో అయితే దాని సంఖ్య 27. ఈ సంఖ్య ఇవ్వకపోతే అది మామూలు డ్రైవ్‌లాగా కనబడుతుంది, రికవరీకి కేటాయించినదని విండోస్ గుర్తించదు. సంఖ్య మొత్తాన్నీ మైక్రోసాఫ్ట్ సహాయ పుటలో చూసి, ఒక్కొక్క అక్షరమూ సరిచూసుకుని టైపు చేయాలి.

చివరగా చిరునామా. రీఏజెంట్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌ను తొలగించకుండా పేరు మాత్రం మార్చి పక్కన పెట్టాను. పాత డిస్కు గుర్తింపు ఉన్న ఆ ఫైలు అక్కడే ఉంటే విండోస్ లేని పార్టిషన్ కోసం వెతుకుతూ ఉంటుంది. అది కనబడకపోతే ఎనేబుల్ చేసినప్పుడు కొత్తది రాసుకుంటుంది. ఈసారి ఎనేబుల్ విజయవంతమైంది. ‘/ఇన్ఫో’లో హార్డ్‌డిస్క్ 0, పార్టిషన్ 4 అని కొత్త చోటు కనిపించింది. అంతకుముందు ఆ ల్యాప్‌టాప్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ కాకపోవడానికి కారణం కూడా ఇదే. రికవరీ అమరి లేని యంత్రంలో విండోస్ దానిని అనుమతించదు, సిస్టమ్ ఇన్ఫర్మేషన్ పేజీ చివరి వరుసల్లో ఆ కారణం స్పష్టంగా రాసి ఉంటుంది.

చోటు చాలకపోవడం వల్ల వచ్చే లోపం 2024 జనవరిలో ఎంతోమందిని ఇబ్బంది పెట్టింది. ఆ నెల 9న విండోస్ 10కు వచ్చిన కేబీ5034441 అనే అప్‌డేట్, రికవరీ ద్వారా బిట్‌లాకర్‌ను దాటిపోగల ఒక భద్రతా లోపాన్ని మూసివేయడానికి ఉద్దేశించినది. దానికి రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ ఉండాలి. చాలా కంప్యూటర్లలో ఆ పార్టిషన్ మొత్తమే దాదాపు 500 ఎంబీ ఉండటంతో, అప్‌డేట్ 0ఎక్స్80070643 అనే సంఖ్యతో పదే పదే విఫలమైంది. ఆ సంఖ్యకు అర్థం ఇన్‌స్టలేషన్ విఫలమైందని మాత్రమే, చోటు లేదని అది చెప్పదు. దానిని చూసి విండోస్ మొత్తాన్నీ మళ్లీ వేసుకున్నవారు ఉన్నారంటే బాధ కలుగుతుంది. దానికి మందు, రికవరీని డిసేబుల్ చేసి, పాత పార్టిషన్‌ను తీసివేసి, సీ డ్రైవ్‌ను కొంచెం కుదించి పెద్ద పార్టిషన్ కట్టి, మళ్లీ ఎనేబుల్ చేయడమే. పైన చెప్పిన పనిలో సగం.

మన వైపు ఏ తప్పూ లేకుండా రికవరీ విఫలమయ్యే సందర్భాలను గుర్తించడం కూడా అంతే అవసరం. 2025 ఆగస్టు భద్రతా అప్‌డేట్ తరువాత విండోస్ 10లోనూ, విండోస్ 11 పాత వెర్షన్లలోనూ రీసెట్ మధ్యలో ఆగిపోయింది. ఆ నెల 19న మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా మరో అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అదే ఏడాది అక్టోబర్ 14న వచ్చిన కేబీ5066835 తరువాత విండోస్ 11 24హెచ్2, 25హెచ్2 వెర్షన్లలో రికవరీ తెర వచ్చేది కానీ, యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ రెండూ దానిలో పనిచేయలేదు. తెర మీద ఆప్షన్లన్నీ కనబడుతున్నా ఒక్కటీ ఎంచుకునే వీలు లేని స్థితి అది. 20వ తేదీన కేబీ5070773 వచ్చి దానిని సరిచేసింది. కాబట్టి రికవరీ నిన్నటి వరకూ పనిచేసి ఈ రోజు ఆగిపోతే, పార్టిషన్లను తాకే ముందు ఈ నెల అప్‌డేట్ గురించి మైక్రోసాఫ్ట్ ప్రకటించిన తెలిసిన సమస్యల పుట చూడాలి.

సిస్టమ్ రిస్టోర్ సంగతి వేరు. దానికి రికవరీ పార్టిషన్ కన్నా రిస్టోర్ పాయింట్లు, అంటే విండోస్ అప్పటప్పటి స్థితిని దాచుకున్న నకళ్లు ముఖ్యం. చాలా కంప్యూటర్లలో సిస్టమ్ ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉండటం వల్ల ఒక్క పాయింటూ ఉండదు. ఆన్ చేసి ఉన్నా అవి శాశ్వతం కావు. 2025 జూన్ అప్‌డేట్ నుంచి విండోస్ 11 24హెచ్2లో గరిష్ఠంగా 60 రోజులే నిలుస్తాయి. 0ఎక్స్80070005 అని వస్తే అది అనుమతి నిరాకరణ, ఎక్కువగా యాంటీవైరస్ అడ్డుపడటం వల్ల జరుగుతుంది. దానిని కాసేపు ఆపి ప్రయత్నించడం, లేదా రికవరీ తెర నుంచే రిస్టోర్ నడపడం మంచి మార్గాలు.

బిట్‌లాకర్‌తో దాచిన డిస్కును తెరిచే కీ గురించి కూడా నొక్కి చెప్పాలి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక దోషపూరిత ఫైలు వల్ల ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు లోపాన్ని చూపే నీలి తెరతో ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతిరాతతో బోర్డింగ్ పాసులు ఇచ్చిన రోజు అది. సీ-00000291తో మొదలయ్యే ఆ ఫైలును సేఫ్ మోడ్ నుంచో రికవరీ నుంచో తొలగిస్తే చాలు, కానీ ఎన్‌క్రిప్షన్ ఉన్న యంత్రాల్లో అక్కడికి చేరడానికే 48 అంకెల రికవరీ కీ కావలసి వచ్చింది. ఇంట్లో వాడే ల్యాప్‌టాప్‌లకూ అదే నియమం. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ చేసిన కొత్త యంత్రాల్లో ఎన్‌క్రిప్షన్ మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. ఆ కీ ఆ ఖాతాలోనే దాచబడి ఉంటుంది, కనుక ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోయినవారికి అది కూడా అందదు. కీని కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైలులో పెట్టమని పిన్నికి చెప్పాను, పెట్టింది.

ఇక ‘ఎనేబుల్డ్’ అని కనబడినంత మాత్రాన పని పూర్తయినట్టు భావించకూడదు. షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి రికవరీ తెరలోకి నిజంగా వెళ్లాలి. కీబోర్డూ మౌస్‌లూ కదులుతున్నాయో లేదో, ట్రబుల్‌షూట్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుందో లేదో చూసి తిరిగి రావాలి. ఎంత చేసినా లేవని యంత్రం కోసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టలేషన్ మీడియా చేసి ఉంచుకుంటే, దాని నుంచి బూట్ చేసి ‘రిపేర్ యువర్ కంప్యూటర్’ ఎంచుకోవచ్చు. ఆ మార్గం పెన్‌డ్రైవ్‌లోని రికవరీ ఇమేజ్‌నే వాడుతుంది, డిస్కులో ఏది చెరిగిపోయినా దానికి సంబంధం ఉండదు.