చిన్న టేబుల్ సా మీద రెండడుగుల అడ్డకోత: నా అనుభవం

విజయవాడలో మా మేడమీద రేకుల షెడ్డులో టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపపు బ్లేడు పైకి వచ్చే మిషన్) పెట్టుకుని సెలవు రోజుల్లో చెక్కపని చేస్తుంటాను. 10 అంగుళాల బ్లేడు, అల్యూమినియం బల్ల, మడిచి పక్కన పెట్టుకునే స్టాండు. పని జరిగే చోటికి మోసుకుపోయే రకం మిషన్ అది. ప్లైవుడ్‌ను పొడుగునా చీల్చడానికి దాంతో ఏ పేచీ లేదు, ఫెన్స్ (చెక్క ఆనుకుని జారే నిలువు పట్టీ) బిగించి తోసుకుంటూ పోవడమే. పేచీ అంతా అడ్డకోతతో, అంటే ముక్కను పొడవుకు అడ్డంగా తెంచడంతో. అడుగు వెడల్పు దాటిన ముక్కను సరిగ్గా తొంభై డిగ్రీలకు కోయాలంటే చుక్కలు కనిపిస్తాయి.

ఇంట్లో వార్డ్‌రోబ్ మొదలుపెట్టాక ఈ సంగతి తేల్చుకోక తప్పలేదు. హ్యాంగర్లు పట్టాలంటే లోతు రెండడుగులు కావాలి. అంటే పక్క పలకలు, అరలు అన్నీ ఇంచుమించు 600 మిల్లీమీటర్ల వెడల్పువే. అరలన్నీ ఒకే కొలతలో రావాలి, మూలలు మట్టానికి ఉండాలి. లేకపోతే తలుపులు బిగించిన రోజున బండారం బయటపడుతుంది.

చిక్కు ఎక్కడుందో టేపు పట్టి చూస్తే తెలిసిపోతుంది. 18 ఎంఎం ప్లై తెగేంత ఎత్తుకు బ్లేడు లేపితే, బల్ల ముందు అంచు నుంచి బ్లేడు పళ్ళ దాకా నా మిషన్‌లో ఉన్న జాగా దాదాపు 250 మిల్లీమీటర్లు. 600 ముక్కను బ్లేడుకు ఆనిస్తే మిగతా 350 బల్ల బయటే వేలాడుతుంది. దాన్ని వెనక నుంచి తోయాల్సిన మైటర్ గేజ్ (బల్ల గాడిలో జారే కడ్డీ, దాని మీద చెక్క ఆనుకునే తల) ఇంకా మనవైపు వెనక్కి పోతుంది. దాని కడ్డీ అడుగున్నర కూడా లేదు కాబట్టి గాడిలోకి దిగనే దిగదు. మూల నిర్ణయమయ్యేది బ్లేడు చెక్కను తాకే ఆ మొదటి క్షణంలోనే, సరిగ్గా అప్పుడే మనకు ఏ ఆధారమూ ఉండదు. మోటారు ఎన్ని వాట్లు, బ్లేడుకు ఎన్ని పళ్ళు అన్న లెక్కలన్నీ దీని తర్వాతే.

మాకు పరిచయమున్న మేస్త్రి వచ్చి చూసి, "ఎందుకు బాబూ ఇంత తంటా? రీపర్ ఒకటి బిగించి హ్యాండ్ కటర్ నడిపించెయ్" అన్నాడు. సన్నని చెక్కపట్టీకి ఆనించి చేతి రంపపు మిషన్‌తో కోసెయ్యమని అర్థం. ఒక్క ముక్కకైతే ఆయన మాటే మాట. కానీ ఒకే కొలత ముక్కలు వరసగా కావాలన్నప్పుడు ప్రతిసారీ రీపర్ విప్పి, మార్కు పెట్టి, మళ్ళీ బిగించాలి. ముక్కముక్కకీ ఎక్కడో అరనూలు తేడా వస్తుంది. అదే సా మీద ఒక స్టాపర్ (ముక్క కొస ఆనే దిమ్మ) పెట్టుకుంటే కొలత మళ్ళీ తీయక్కర్లేదు.

మైటర్ గేజ్‌ని గాడిలో తిరగేసి, తల ముందుకు, కడ్డీ మనవైపుకు ఉండేలా పెట్టి నడపడం పాత చిట్కా. మొదట్లో పట్టు బాగానే ఉంటుంది. అయితే చిన్న మిషన్‌లో బ్లేడు వెనక కూడా బల్ల కురచే, కోత పూర్తయ్యేలోపే తల అవతలికి జారిపోతుంది. పైగా బ్లేడు పళ్ళు చెక్కను మనవైపు తోస్తాయి. ఆనుకునే ఫెన్స్ చెక్కకు ముందు, అవతలివైపు ఉంటే బ్లేడు దాన్ని ఫెన్స్ నుంచి ఊడదీయాలని చూస్తుంది, ప్రతి ముక్కకూ క్లాంపు వేయాలి. ఫెన్స్ చెక్క వెనక, మనవైపు ఉంటే ఆ తోపుడే చెక్కను ఫెన్స్‌కు అదిమి పట్టి ఉంచుతుంది. అందుకే ఫెన్స్ వెనకే ఉండాలని ఖాయం చేసుకుని, దానికి తగ్గట్టు మిషన్‌ను మార్చుకున్నాను.

అందుకు చేసుకున్నది స్లెడ్, అంటే గాడిలో జారే పలక, దాని మీద ఒక ఫెన్స్. మామూలు స్లెడ్ బ్లేడుకు రెండు వైపులా ఉంటుంది. 600 ముక్క పట్టేంత పెద్దది అలా చేస్తే ఎత్తి పెట్టడానికే ఇద్దరు కావాలి. నేను బ్లేడుకు ఎడమవైపు సగం మాత్రమే చేశాను. పలక 12 ఎంఎం హెచ్‌డీహెచ్‌ఎమ్‌ఆర్, అంటే తేమను తట్టుకునేలా చెక్కపిప్పిని అదిమి చేసిన గట్టి షీటు. మామూలు ఎండీఎఫ్ మా కృష్ణా తీరపు వానాకాలానికి అంచుల దగ్గర ఉబ్బుతుంది, పన్నెండు ఎంఎం ప్లై ఏదో ఒక వైపు వంగే ఉంటుంది. ఈ షీటు బరువే, కానీ చదునుగా నిలుస్తుంది.

అసలు కిటుకు కడ్డీలో ఉంది. గాడి వెడల్పు ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. బజార్లో దొరికే ఇనుప ఫ్లాటు 20. ఆ ఒక్క మిల్లీమీటరు కోసం ఆటోనగర్‌లో మిల్లింగ్ మిషన్ ఉన్న షాపులో ఇచ్చి, రెండు పక్కలా సమంగా తీయించి, కింద నుంచి స్క్రూలకు ట్యాపింగ్ (మర) కొట్టించాను. గాడిలో వేస్తే వేలితో తోయగానే జారాలి, పక్కలకు ఊపితే కదలకూడదు. దాన్ని బ్లేడు వైపున్న పలక ముందు అంచు దగ్గరే ఆపకుండా ఇంకో 150 మిల్లీమీటర్లు ముందుకు పొడుచుకు వచ్చేలా బిగించాను. కడ్డీ గాడిలో ఉంటుంది, బ్లేడు దాని పక్కన ఉంటుంది, రెండూ తగలవు. దీంతో కోత మొదలయ్యేసరికి 250కి బదులు 400 మిల్లీమీటర్ల కడ్డీ గాడి లోపల ఉంటుంది. మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ఖర్చు చూస్తే ఇంకో అరడుగు ఇనుము.

స్లెడ్ బిగించే ముందు బ్లేడు గాడికి సమాంతరంగా ఉందో లేదో చూసుకోవాలి. మిషన్ ప్లగ్ పీకేసి, ఒక పన్నుకు స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి, ఆ పన్ను ముందున్నప్పుడు గాడి నుంచి దూరం కొలిచి, బ్లేడును చేత్తో తిప్పి అదే పన్ను వెనక్కి వచ్చాక మళ్ళీ కొలవాలి. నా మిషన్‌లో కొంచెం తేడా ఉంది, బల్ల కింద బోల్టులు వదులు చేసి సరిచేశాను. ఇది వదిలేస్తే స్లెడ్ ఎంత బాగా చేసినా కోసిన అంచు కాలి నల్లబడుతుంది.

తర్వాత మిషన్ ముందు, మనం నిలబడేవైపు ఆధారం. కడ్డీకి పట్టు ఉన్నా బయట వేలాడే బరువు స్లెడ్‌ను కిందికి వంచుతుంది, ముందు కొస గాడిలోంచి పైకి లేస్తుంది. ఒకటిన్నర అంగుళం చదరపు పైపుతో ఫ్రేము వెల్డింగ్ చేయించి, పైన లామినేట్ అతికించిన ప్లై వేశాను. ఒక వైపు మిషన్ ముందు రైలుకు కొక్కేల్లా తగులుకుంటుంది, ఇంకో వైపు సొంత కాళ్ళ మీద నిలబడుతుంది. బరువు మిషన్ మీద పడితే ఆ తేలిక స్టాండు ముందుకు తూలుతుంది, అందుకే కాళ్ళు. ఎడమ సగానికే పరిమితం చేశాను కాబట్టి స్విచ్‌కు దారి వదిలినట్టయింది. స్విచ్ అందని ఏర్పాటు ఎంత ఘనంగా ఉన్నా నాకొద్దు.

ఈ అదనపు బల్లలో కూడా కడ్డీ కోసం గాడి తీయాలి, అయితే దాన్ని 25 ఎంఎం వెడల్పుగా వదులుగా తీశాను. దారి చూపించేది మిషన్ గాడి ఒక్కటే. రెండో గాడి కూడా బిగువుగా ఉంటే రెండూ పోట్లాడుకుని స్లెడ్ మధ్యలో బిగుసుకుంటుంది. ఎత్తు కూడా అంతే, మీటరు పొడవు అల్యూమినియం లెవెల్ అడ్డంగా పెట్టి, కాళ్ళ బోల్టులు తిప్పి, అసలు బల్ల కన్నా పిసరంత కిందికే ఉంచాను. పైకి ఉంటే స్లెడ్ అంచు తట్టుకుంటుంది. వెనకవైపు కూడా ఇలాంటిదే చిన్న బల్ల పెట్టాను, అందులో విశేషమేమీ లేదు.

మిగిలింది ఫెన్స్‌ను మట్టానికి తేవడం. మూలమట్టం పెట్టి బిగించడం మొదటి అడుగు మాత్రమే. అసలు పరీక్ష ఐదు కోతలది. ఒక చదరపు ముక్క తీసుకుని, ఇప్పుడే కోసిన అంచును ప్రతిసారీ ఫెన్స్‌కు ఆనిస్తూ నాలుగు వైపులా వరసగా కోయాలి. ఐదోసారి మొదటి వైపునే మళ్ళీ కోసి, ఊడిన సన్నపట్టీ వెడల్పును రెండు కొసల్లోనూ వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పరికరం) కొలవాలి. ఫెన్స్ తప్పు నాలుగు రెట్లయి ఆ పట్టీలో కనిపిస్తుంది. నాకు ఒక కొసన 25.4, ఇంకో కొసన 24.6 వచ్చింది. తేడా 0.8, నాలుగుతో భాగిస్తే 0.2. అంటే 500 మిల్లీమీటర్ల పట్టీ పొడవునా 0.2 వాలు. నా ఫెన్స్‌లో అది తిరిగే ఇరుసు బోల్టు నుంచి సరిచేసే బోల్టుకు 550, కాబట్టి జరపాల్సింది 0.22. బండి వాల్వుల సందు కొలవడానికి వాడే పలుచటి ఇనుప ఆకుల కట్ట, ఫీలర్ గేజ్‌లో 0.20 ఆకు తీసి, ఫెన్స్ వెనక క్లాంపు వేసిన దిమ్మకూ ఫెన్స్‌కూ మధ్య దూర్చి, అంతమేర జరిపి బిగించాను. మళ్ళీ కోస్తే పట్టీ రెండు కొసల తేడా 0.1కి వచ్చింది. ప్లైవుడ్‌కి అంతకన్నా ఆశపడడం చాదస్తం.

స్లెడ్ పలక కుడి అంచును కోసింది ఈ బ్లేడే కాబట్టి, కోత సరిగ్గా ఎక్కడ పడుతుందో ఆ అంచే చెబుతుంది. పెన్సిల్ గీత దానికి ఆనిస్తే చాలు. కుడివైపు తెగిపడే ముక్క మాత్రం 12 ఎంఎం ఎత్తులో గాల్లో ఉంటుంది, దాని కింద అదే షీటు ముక్క ఒకటి బల్లకు టేపుతో అంటించాను. రివింగ్ నైఫ్ (బ్లేడు వెనక నిలబడి కోత మూసుకుపోకుండా ఆపే రేకు) తీయను. పైన గార్డు మాత్రం స్లెడ్‌కు అడ్డం వస్తుంది, తీయాల్సి వస్తుంది, అందుకని ఎడమచేయి ఎక్కడుండాలో స్లెడ్ మీద ఎర్ర గీత గీసుకున్నాను. రిప్ ఫెన్స్‌ని (పొడుగునా చీల్చడానికి బల్లకు బిగించే ఫెన్స్) స్టాపర్‌గా వాడను. తెగిన ముక్క దానికీ బ్లేడుకూ మధ్య ఇరుక్కుంటే ఎగిరి మన మీదికే వస్తుంది. స్టాపర్ ఎడమవైపు స్లెడ్ ఫెన్స్‌కే.

అరలు, అడుగు పలకలు, సొరుగుల ముక్కలు అన్నీ దీని మీదే కోశాను, ఒకదాని మీద ఒకటి పేర్చి వేలితో తడిమితే అంచులు గుచ్చుకోవడం లేదు. ఏడడుగుల పక్క పలకలకు మాత్రం ఇది పనికిరాదు. ఎడమవైపు అంత పొడవు వేలాడితే ఏ కడ్డీ ఆపలేదు. వాటికి మేస్త్రి చెప్పినట్టు రీపర్ బిగించి హ్యాండ్ కటరే వాడాను.