ఇంటికి ముగ్గు పోయించిన రోజు, 49 పాయింట్ 93 గొడవ

మొన్న మా ఇంటికి ముగ్గు పోశారు (అంటే పునాది తవ్వడానికి సున్నంతో గీతలు గీశారు), ఆ కోపం చల్లారకముందే రాసేస్తున్నా. స్థలం 33 ఇంటూ 50, 183 గజాలు. ప్లాన్ అప్రూవల్ వచ్చేసింది, బోరు పడింది, శంకుస్థాపన బాగా జరిగింది, వీటి గురించి చెప్పేదేం లేదు. చుట్టూ వదలాల్సింది వదిలేస్తే ఇల్లు 27 అడుగుల వెడల్పు, 42 అడుగుల పొడవు. గొడవంతా ఈ రెండు అంకెల దగ్గరే.

ముందు రోడ్డు వైపు 27 అడుగుల దారం కడతారు. దానికి సరిగ్గా లంబంగా 42 అడుగులు వెనక్కి వెళ్లాలి. మూల సరిగ్గా ఉందో లేదో కంటికి తెలీదు కాబట్టి కర్ణం, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరం, ఎంత రావాలో ముందే లెక్కేసి, ఒకడు 42 టేపు, ఇంకొకడు కర్ణం టేపు లాగి పట్టుకుంటే రెండూ కలిసిన చోట మేకు కొడతారు. పైథాగరస్ లెక్క ప్రకారం 27ని 27తో, 42ని 42తో గుణించి కలిపితే 2493, దాని వర్గమూలం 49.93. కాంట్రాక్టర్ పంపిన సూపర్‌వైజర్ కుర్రాడు ఇంతవరకు ఫోన్‌లో కరెక్టుగానే కొట్టాడు. కొట్టి, "నలభై తొమ్మిది అడుగుల తొమ్మిది అంగుళాలు, పట్టు" అని అరిచాడు.

నేను పక్కనే ఉన్నా. "బాబూ, అడుగుకి 12 అంగుళాలు కదా, పాయింట్ 93 అంటే 9 కాదు, 11 అంగుళాలు" అన్నా. అతను నా వైపు చూడనే లేదు. మా ఆయన వైపు తిరిగి "సార్, మేడంకి నీడలో కుర్చీ వేయించండి, ఇది టెన్త్ క్లాస్ లెక్క కాదు, సైట్ వర్క్" అన్నాడు. కూలీలు నవ్వారు, జేసీబీ డ్రైవర్ కూడా నవ్వాడు. మా ఆయన ఏమన్నా అంటారేమో అని చూస్తే ఫోన్ చూసుకుంటున్నారు (ఆ సంగతి ఇంటికెళ్లాక తేల్చుకున్నాం లెండి). టెన్త్‌లో లెక్కల్లో నాకు 96 వచ్చాయి, అప్పట్లో మా స్కూల్లో నాకే ఫస్టు. అయినా టెన్త్ లెక్క సైట్ వర్క్ కాదని ఎవరన్నారు? యజ్ఞవేదికల కొలతల కోసం తాడు పట్టుకుని ఇదే లెక్క శుల్బసూత్రాలనే పాత గ్రంథాల్లో బౌధాయనుడు చెప్పాడు, అదీ కట్టడాల కోసమే.

నాలుగు మేకులూ కొట్టేశారు, సున్నం కూడా పోసేశారు. జేసీబీ గంటల లెక్కన బాడుగ, అందరూ తొందరపడుతున్నారు. నేను మాత్రం ముగ్గు మధ్యలో నిలబడి, రెండో కర్ణం కొలిచేదాకా పార పడటానికి వీల్లేదన్నా. చతురస్రమైనా దీర్ఘచతురస్రమైనా రెండు కర్ణాలూ సమానంగా ఉండాల్సిందే కదా. తాపీ మేస్త్రి గారు పెద్దాయన, "కొలిస్తే పోయేదేముందమ్మా" అని ఆయనే టేపు తీసుకున్నారు. ఒకటి 49 అడుగుల 9 అంగుళాలు. రెండోది 50 అడుగుల 1 అంగుళం, పైన ఇంకో గీత. నాలుగంగుళాల పైనే తేడా!

కుర్రాడు గుడ్డ టేపు సాగిందన్నాడు. స్టీల్ టేపు తెప్పిస్తే అదీ అంతే చెప్పింది. అప్పుడు మొదలుపెట్టాడు చూడండి, "ఈశాన్యం కొంచెం పెరిగితే మంచిదే సార్" అని! ఈ మాట వినగానే మా ఆయన తల కూడా ఊగబోయింది. ఈశాన్యం అలా సాగితే ఎదురుగా ఉన్న నైరుతి కూడా అంతే సాగుతుంది, మరి దానికేమంటావ్ అని అడిగా. మేస్త్రి గారు పకపకా నవ్వారు. కుర్రాడు నోరు మూసుకుని వెనక మేకులు పీకాడు, రెండు కర్ణాలూ 49 అడుగుల 11 అంగుళాలకి వచ్చేదాకా జరిపించా. అలాగే వదిలేసి ఉంటే 42 అడుగుల గోడ వెనక మూలకొచ్చేసరికి 4 అంగుళాలు పక్కకి పోయేది, ఆ తర్వాత టైల్స్ వేసేటప్పుడు గోడ పొడుగునా ఏటవాలు ముక్కలు కోసుకుంటూ కూర్చోవాలి.

ఇల్లు కట్టుకునేవాళ్లు అడుగుల్లో లెక్కేయకండి, అన్నీ అంగుళాల్లోకి మార్చేసుకోండి. 324, 504 పెట్టి చేస్తే 599 చిల్లర వస్తుంది, పన్నెండుతో భాగిస్తే 49 అడుగుల 11 అంగుళాలు, ఇక పాయింట్ గోల ఉండదు. మేస్త్రీలు 3-4-5 అడుగుల త్రిభుజం పెట్టి మూల చూస్తారు, లెక్క తప్పేం కాదు గానీ అంత చిన్న త్రిభుజంలో కర్ణం దగ్గర పావంగుళం తేడా వస్తే 42 అడుగుల చివర నాలుగంగుళాల పైనే అవుతుంది, 9-12-15 పెట్టమనండి. వాస్తుకి వేలకి వేలు పోసేవాళ్లు రెండో కర్ణం కొలవడానికి రెండు నిమిషాలు ఆగరెందుకో!

మెట్ల లెక్క కూడా నేనే చేసిచ్చేశా, 60 అంగుళాల ఎత్తు, 100 అంగుళాల పొడవు, ఏటవాలు 116న్నర పైచిలుకు, ఎవరూ కిక్కురుమనలేదు. నిచ్చెనకైతే కర్ణం తెలుసు, ఎత్తు కావాలి కాబట్టి కలపకుండా తీసేయాలి: 20 అడుగుల నిచ్చెన గోడకి 5 అడుగుల దూరంలో పెడితే 400లోంచి 25 పోను 375, అంటే 19 అడుగుల 4 అంగుళాల ఎత్తు అందుతుంది.

ఈరోజు పొద్దున కాంట్రాక్టర్ బిల్లు పంపాడు. అందులో "రెండోసారి మార్కింగ్ కూలీ" అని విడిగా ఒక లైను. ఎర్ర పెన్నుతో కొట్టేసి వెనక్కి పంపా, ఈసారి సంతకం మా ఆయన చేత పెట్టించా.