ఒకే పేరు, ఇద్దరు మనుషులు

ఒకే ఊళ్లో, ఒకే కాలంలో, ఒకే పేరుతో ఇద్దరు ఉంటే వంశవృక్షం అక్కడే దారి తప్పుతుంది. పేరు కలిసింది కదా అని రెండు జీవితాలను ఒకటి చేసేస్తే, అక్కణ్నుంచి పైకి రాసిన తాతముత్తాతలంతా వేరే ఇంటివాళ్లవుతారు. ఈ చిక్కు విప్పడం నేర్చుకుంటే పరిశోధనలో సగం పని వచ్చినట్టే.

ముందు ప్రశ్నను కుదించండి. ‘ముత్తాత వివరాలు కావాలి’ అనుకుంటే ఎటూ తేలదు. ‘1860లో ఫలానా పొలం అమ్మినాయన తండ్రి ఎవరు?’ అని అడిగితే ఏ రికార్డు తీయాలో దాంట్లోనే ఉంటుంది.

ఆ తర్వాత పట్టిక వేయాలి. ఒక్కో పత్రానికి ఒక్కో వరుస: తేదీ, ఊరు, వయసు, వృత్తి, భార్య పేరు, సాక్షులు, సంతకమా నిశానా (రాయడం రానివాళ్లు సంతకం బదులు పెట్టే గుర్తు). ఇద్దరూ ఒకరేనని రుజువయ్యేదాకా వరుసలు కలపొద్దు. ఒక దస్తావేజులో చక్కటి సంతకం, రెండేళ్ల తర్వాతి దాంట్లో నిశాని కనిపిస్తే ఆగి చూడాలి. చెయ్యి వణికే జబ్బొచ్చినవాళ్లూ నిశాని పెడతారు కాబట్టి ఆ ఒక్క తేడాతో తేల్చేయకూడదు, ఇంకో రెండు మూడు పత్రాల్లోనూ అదే తేడా కనబడాలి. చూసేది అసలు పత్రమే కావాలి. రిజిస్టరులోకి ఎక్కించిన నకల్లో సంతకాలు కూడా గుమాస్తా చేతిరాతే.

భూమి కాగితాలంత మేలు చేసేవి నాకు వేరే కనిపించవు. అమ్మిన దస్తావేజు ఉండి, కొన్నది ఎంత వెతికినా లేకపోతే ఆ పొలం వారసత్వంగా వచ్చి ఉండొచ్చు. అప్పుడు హద్దులు పట్టుకుని వెనక్కి వెళ్లాలి. అదే వాగు, అదే పక్క పొలం హద్దులుగా ఉన్న భూమి అంతకుముందు ఎవరి పేరున ఉంది? అలా దొరికిన పేరు తండ్రిది కావచ్చు, మామగారిదీ కావచ్చు. అమ్మకంలో భార్య కూడా సంతకం చేసిందా అని చూసేది అందుకే. సాక్షుల పేర్లనూ విడిగా వెతకండి, వాళ్లలో బావమరుదులు, అల్లుళ్లు తరచూ ఉంటారు.

తేదీలూ తికమక పెడతాయి. ఇంగ్లండులో 1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. చర్చి రిజిస్టరులో 1720 ఏప్రిల్‌లో పెళ్లి, 1720 జనవరిలో బిడ్డకు బాప్టిజం అని ఉంటే బిడ్డ ముందే పుట్టినట్టు అనిపిస్తుంది. ఆ జనవరి ఇప్పటి లెక్కలో 1721.

డీఎన్ఏ పరీక్షను కాగితాలకు తోడుగానే వాడాలి. తాతలు అన్నదమ్ములైతే మనవల మధ్య డీఎన్ఏ కలిసి తీరాలి, కలవకపోతే కాగితాలు మళ్లీ తిరగేయాల్సిందే. ముత్తాతలు అన్నదమ్ములైన చోట మాత్రం సుమారు పదింట ఒక జంటకు కలవదు, అంతమాత్రాన బంధుత్వం లేదని కొట్టేయకూడదు.

తేలినదాన్ని వాక్యాల్లో రాయండి, అడ్డొచ్చిన పత్రాన్ని దాచకుండా. మరణ రిజిస్టరులో వయసు ఐదేళ్లు తేడాగా ఉంటే, అది చెప్పిందెవరో చూసి రాయాలి. చనిపోయిన మనిషి పుట్టుకను కళ్లారా చూడని అల్లుడు చెప్పిన వయసు కావచ్చు అది.